చంద్రుణ్ణి చిన్నబుచ్చిన దీపస్తంభం

న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల సేకరణలో జాకొమో బల్లా అనే ఇటాలియన్ చిత్రకారుడు వేసిన ఒక వీధిదీపం ఉంది. కాన్వాసు ఇంచుమించు మనిషి నిలువెత్తు ఉంటుంది. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, వెడల్పు 115. అందులో మనుషులు లేరు, ఇళ్లు లేవు, వీధి కూడా కనిపించదు. ఒక ఇనుప స్తంభం, దాని తలమీద ఒక గాజు దీపం, ఆ దీపం నుంచి బాణపు ములుకుల ఆకారంలో నలువైపులకూ దూసుకుపోతున్న వందలాది రంగు గీతలు మాత్రమే ఉన్నాయి. కాసేపు నిలబడి చూస్తే కుడివైపు పైభాగాన, ఆ వెలుగు వలయం లోపలే, సన్నని నెలవంక ఒకటి కనిపిస్తుంది. దాన్ని గమనించకుండానే ముందుకు నడిచిపోయేవారు చాలామంది ఉంటారనుకుంటాను.

తొలి విద్యుద్దీపాలను చిత్రించిన కళాకారుల గురించి చదువుతూ, వీలైనచోట అసలు చిత్రాలను చూస్తూ వచ్చిన నాకు ఒక సంగతి క్రమంగా బలపడింది. ఆ కొత్త వెలుగును నిజంగా పట్టుకోగలిగినవారిలో చాలామంది దాన్ని ఒంటరిగా చిత్రించలేదు. దాని పక్కన ఏదో ఒక పాత వెలుగును, అది చంద్రుడు కావచ్చు, గ్యాసు దీపం కావచ్చు, బండి లాంతరు కావచ్చు, కొలతకోసం నిలబెట్టారు. ఎందుకు అలా చేయవలసి వచ్చిందో తెలియాలంటే ముందు ఆ దీపాల స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి.

విద్యుద్దీపం అనగానే మనకు ఎడిసన్, గాజు బల్బు గుర్తుకొస్తాయి గానీ, నగరాల వీధుల్లో మొదట వెలిగినవి బల్బులు కావు, ఆర్క్ దీపాలు. రెండు బొగ్గు కడ్డీల కొనలను ఒకదానికొకటి తాకించి, కరెంటు పారుతుండగా కొద్దిగా ఎడం చేస్తే, ఆ సందులో విద్యుత్తు గాలిని చీల్చుకుని దూకుతుంది. కడ్డీల కొనలు తెల్లగా కాగి, కళ్లు చెదిరే వెలుగునిస్తాయి. హంఫ్రీ డేవీ పందొమ్మిదో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే లండన్‌లో దీన్ని పెద్ద బ్యాటరీతో చేసి చూపించాడు. అయితే డైనమోలు వచ్చేదాకా అది ప్రయోగశాల వింతగానే మిగిలింది. 1876లో పావెల్ యాబ్లొచ్కోవ్ అనే రష్యన్ ఇంజనీరు పారిస్‌లో రెండు కడ్డీలనూ పక్కపక్కన నిలబెట్టి, వాటి మధ్య మట్టిలాంటి పదార్థపు పొరను ఉంచి, కొవ్వొత్తిలా పైనుంచి కిందికి కాలిపోయే దీపాన్ని తయారుచేశాడు. ఒక కడ్డీ రెండోదానికంటే త్వరగా అరిగిపోకుండా దానికి ఏకాంతర విద్యుత్తు, అంటే అటూ ఇటూ దిశ మార్చుకుంటూ పారే కరెంటు, ఇవ్వవలసి వచ్చేది. ఒక్కో జత రెండు గంటలు కూడా గట్టిగా నిలిచేది కాదు. అయినా 1878 నాటి ప్రపంచ ప్రదర్శన సమయంలో పారిస్‌లోని ఒపేరా వీధిని ఈ దీపాలే వెలిగించాయి. వెలుగు మరీ తీక్షణం కావడంతో వాటిని పాలగాజు గోళాల్లో ఉంచవలసి వచ్చింది.

ఎడిసన్, జోసెఫ్ స్వాన్‌ల బల్బు దీనికి భిన్నమైన వస్తువు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో మాడ్చిన నూలుపోగో వెదురు నారో వేడెక్కి ఇచ్చే పసుపుపచ్చని మెత్తని కాంతి అది; బలం 16 కొవ్వొత్తుల మేరకు, అంటే ఇంట్లోని ఒక గ్యాసు దీపానికి సమానంగా ఉండాలని లెక్క. బల్బు గ్యాసు దీపం చోట్లోకి ఎవరినీ ఉలికిపెట్టకుండా వచ్చి కూర్చుంది. ఆర్క్ దీపం అలా కాదు. ఇంట్లో పెట్టుకోవడానికి పనికిరాదు, ఎత్తైన స్తంభానికి వేలాడదీయాలి, నీలం కలిసిన తెలుపు, బుసబుసమనే చప్పుడు, నేలమీద కత్తితో కోసినట్టున్న నీడలు. చిత్రకారులను కలవరపెట్టినది, ఆకర్షించినది ప్రధానంగా ఈ దీపమే.

ఇక వారి ఇబ్బంది ఏమిటంటే, రంగుకు సొంత వెలుగు లేదు. చిత్రకారుడి దగ్గరున్న అతి తెల్లని రంగుకూ, అతి నల్లని రంగుకూ మధ్య కాంతిలో తేడా కొన్ని పదుల రెట్లకు మించదు. చీకటి వీధిలో ఆర్క్ దీపానికీ, దాని వెనకనున్న ఆకాశానికీ మధ్య తేడా అంతకన్నా ఎన్నో వేల రెట్లు. కొవ్వొత్తి వెలుగులో ముఖాలను చిత్రించిన పాత తరం యూరప్ చిత్రకారులు ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నారు: మంటను చేతి వెనకో, మనిషి భుజం వెనకో దాచి, ఆ వెలుగు పడిన చర్మాన్ని మాత్రం చూపించేవారు. వీధి మధ్యలో ఎత్తుగా నిలబడిన ఆర్క్ దీపాన్ని దాచడానికి వీలులేదు. అది తెల్లని చుక్క. కాన్వాసు మీద తెల్లని చుక్క పెడితే కనిపించేది తెల్లని చుక్కే, వెలుగు కాదు.

ఎద్వార్ మానే ఆ మాటనే ఒప్పేసుకుని ఊరుకున్నాడేమోననిపిస్తుంది. 1882లో ప్రదర్శించిన, పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ అనే వినోదశాలలోని మద్యశాల చిత్రంలో బల్ల వెనక నిలబడిన యువతికి వెనుకనున్న పెద్ద అద్దంలో, స్తంభాల మీద రెండు చదునైన తెల్లని గుండ్రాలు కనిపిస్తాయి. పైన వేలాడే పెద్ద దీపగుచ్ఛాలు మసకగా, జిలుగుగా ఉంటే, ఈ గుండ్రాలకు నీడ లేదు, వంపు లేదు, చుట్టూ కాంతి వలయం కూడా లేదు. చొక్కా గుండీల్లా ఉంటాయి. ఇవి అప్పటికి కొత్తగా వచ్చిన విద్యుద్దీపాలని కళాచరిత్రకారులు చెబుతారు. మానే నైపుణ్యం తెలిసినవారెవరూ ఇది చేతకాక చేసినదని అనుకోలేరు. ఆ యువతి ముఖంలోని నిర్లిప్తతకు సరితూగే నిర్లిప్తమైన వెలుగు అతనికి కావలసి వచ్చిందని నా ఊహ.

కమీల్ పిసారో ఎదుర్కొన్న తీరు వేరు. 1897 తొలి నెలల్లో, కంటి జబ్బువల్ల ఆరుబయట కూర్చుని పనిచేయలేని స్థితిలో, పారిస్‌లోని ఒక హోటల్ గదిలో దిగి, ఆ కిటికీలోంచి కనిపించే మోంమార్త్ర్ వీధిని మంచులో, వానలో, ఎండలో, పండుగ ఊరేగింపులతో 14 చిత్రాలుగా వేశాడు. అందులో రాత్రి దృశ్యం ఒక్కటే. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రం కొలతలో చిన్నది, వెడల్పు 65 సెంటీమీటర్లలోపే. వాన కురిసి తడిసిన వీధి మధ్యలో ఒక వరుసగా దూరానికి సాగిపోతున్న నీలితెలుపు చుక్కలు విద్యుద్దీపాలు. రెండు పక్కలా దుకాణాల అద్దాల్లోంచి ఒలికే పసుపు, నారింజ మరకలు గ్యాసు వెలుగు. కింద బారులు తీరిన గుర్రపు బగ్గీల లాంతర్లు నూనెవి. మూడు తరాల వెలుగులు ఒకే వీధిలో, ఒకే తడి నేలమీద కలిసి మెరుస్తున్నాయి. పిసారో తెలుపు ప్రకాశవంతంగా కనిపించడానికి కారణం ఆ తెలుపులో లేదు. పక్కనున్న నారింజలో ఉంది. ఆ గ్యాసు వెలుగును బొటనవేలితో కప్పి చూస్తే వీధి మధ్యలోని విద్యుద్దీపాలు ఒక్కసారిగా సున్నం చుక్కలైపోతాయి. నేను అచ్చు ప్రతిమీద చేసి చూసిన పని ఇది; గ్యాలరీలో చేయబోతే కాపలావారు ఊరుకోరు. పిసారో తన జీవితకాలంలో ఈ చిత్రం మీద సంతకమూ చేయలేదు, దాన్ని ప్రదర్శనకూ పెట్టలేదు. ఈనాడు ఆ 14 చిత్రాల్లో ఎక్కువమంది వెతుక్కుంటూ వెళ్లేది దీనికోసమే కావచ్చు.

ఇప్పుడు బల్లా వీధిదీపం దగ్గరికి తిరిగి రావచ్చు. ఇతడు 1871లో టూరిన్‌లో పుట్టి, 1895లో రోముకు చేరాడు. 1900లో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు కొన్ని నెలలు పారిస్‌లో ఉన్నాడు. వేలాది దీపాలతో అలంకరించిన విద్యుత్ భవనం ఆ ప్రదర్శనలో ప్రధాన ఆకర్షణ. 1904లో పుట్టిన కూతురికి లూచె, అంటే వెలుగు, అని పేరు పెట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత పుట్టిన రెండో అమ్మాయి పేరు ఎలికా, అంటే విమానపు ప్రొపెల్లరు. ఆ ఇంటి మోజు ఏ దిక్కుగా సాగిందో ఈ రెండు పేర్లే చెబుతాయి. అప్పటి ఇటలీలో రంగులను పలకమీద కలపకుండా, విడివిడి గీతలుగా, చుక్కలుగా కాన్వాసు మీద పక్కపక్కన పెట్టి, చూసేవాడి కంటిలో అవి కలిసేలా చేసే పద్ధతి ఒకటి బలంగా ఉండేది. ఆ పద్ధతిలో పెల్లిజ్జా ద వొల్పేదో 1904 నాటికి పూర్తిచేసిన ఉదయించే సూర్యుడి చిత్రం ఇప్పటికీ రోములోనే ఉంది. కొండ అంచున లేచిన సూర్యబింబం నుంచి కిరణాలు గీతలు గీతలుగా కాన్వాసంతా పరుచుకుంటాయి. దాన్నీ, బల్లా దీపాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, సూర్యుడికి చేసిన మర్యాదలన్నీ బల్లా ఒక మునిసిపాలిటీ దీపానికి చేశాడని తెలిసిపోతుంది.

అయితే అతడు చేసిన మార్పు చిన్నది కాదు. పెల్లిజ్జా కిరణాలు నిటారుగా సాగే గీతలు. బల్లా ప్రతి గీతనూ మధ్యలో విరిచి ములుకుగా మార్చాడు. విరిచిన ప్రతి ములుకుకూ ఒక దిశ ఉంటుంది, దిశ ఉన్నచోట కదలిక కనిపిస్తుంది. దీపానికి దగ్గరగా తెలుపు, లేత పసుపు. కొంత దూరం పోయాక ఎరుపు, గులాబి. ఇంకా దూరాన ఆకుపచ్చ, నీలం, ఊదా. అంచుల్లో అవి పలుచబడి ముదురు గోధుమ చీకటిలో కలిసిపోతాయి. మండుతున్న దీపాన్ని కళ్లు చికిలించి చూసినప్పుడు రెప్పవెంట్రుకల మధ్య విరిగే రంగులను గమనించినవారికి ఇది కల్పన కాదని అర్థమవుతుంది. తెల్లని వెలుగును తెల్లని రంగుతో చెప్పలేని ఇబ్బందిని బల్లా ఇలా దాటాడు: వెలుగు ఎంత ఉందో చూపించడం మానేసి, అది ఎటు పోతున్నదో చూపించాడు.

చిత్రం మీద ఉన్న సంవత్సరం 1909. ప్రదర్శనశాల మాత్రం దాన్ని 1910–11 ప్రాంతపు చిత్రంగా పేర్కొంటుంది. ఈ తేడా వెనక ఒక పంతం ఉంది. 1909 ఏప్రిల్‌లో, యంత్రాలనూ వేగాన్నీ కీర్తించిన ఇటాలియన్ కళాకారుల ముఠా అయిన భవిష్యద్వాదుల నాయకుడు మరినెట్టి, చంద్రకాంతిని హతమార్చుదామని ప్రకటన వెలువరించాడు. వెన్నెల, వియోగం, వెనిస్ కాలువల మీద పడవ షికారు వంటి పాతకాలపు భావుకత అంతా ఇటలీకి పట్టిన జబ్బని ఆ ముఠా నమ్మకం. బల్లా వారికి గురుస్థానీయుడు, వారిలోని చిత్రకారులు బొచ్చోని, సెవెరీనిలకు పాఠం చెప్పినవాడు, 1910లో భవిష్యద్వాద చిత్రకారుల ప్రకటన మీద సంతకం చేసినవాడు. చాలా ఏళ్ల తర్వాత, 1954లో ఈ చిత్రం న్యూయార్క్ చేరినప్పుడు, ఆధునిక విద్యుద్దీపం ముందు కవుల వెన్నెల వెలవెలబోయిందని చూపడమే తన ఉద్దేశమని అతడు అక్కడి ప్రదర్శనశాలలో సేకరణల బాధ్యత చూసే ఆల్‌ఫ్రెడ్ బార్‌కు రాశాడు. మరినెట్టి పిలుపు ముందా, బల్లా చిత్రం ముందా అన్నది సంవత్సరం మీద ఆధారపడి ఉంటుంది. 1909 అని రాసుకోవడంలో చిత్రకారుడికి ఉండగల అభిమానాన్ని ఊహించడం కష్టం కాదు. ఇంకో విచిత్రం, 1912లో పారిస్‌లో భవిష్యద్వాదులు జరిపిన పెద్ద ప్రదర్శన జాబితాలో ఈ దీపం పేరు అచ్చయింది గానీ, చిత్రం మాత్రం గోడమీదికి ఎక్కలేదు.

చంద్రుణ్ణి తిట్టడమనగానే తెలుగు పాఠకులకు ప్రబంధాల్లోని చంద్రోపాలంభనం గుర్తుకు రాక తప్పదు. విరహంతో వేగిపోయే నాయిక ఉద్యానవనంలో కూర్చుని, చల్లనివాడని పేరుపెట్టుకుని తనను కాల్చుతున్నందుకు చంద్రుణ్ణి పద్యాల వెంట పద్యాలుగా దూషిస్తుంది. అక్కడ తిట్టే కొద్దీ చంద్రుడి బలం పెరుగుతూ పోతుంది. బలంలేనివాణ్ణి అన్ని పద్యాలు తిట్టే అవసరం ఎవరికీ రాదు. మరినెట్టి చేసినది కూడా చంద్రోపాలంభనమే, కాకపోతే విరహానికి బదులు కారణం మోటారు కారు. బల్లా చిత్రంలోనూ ఆ నెలవంకను తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. రంగుల విన్యాసం మిగులుతుంది, ఒక వీధిదీపం మిగులుతుంది. ఆ దీపం ఎంత పెద్దదో, ఎంత కొత్తదో, దేన్ని కాదని వచ్చిందో చెప్పేది ఆ మూలనున్న సన్నని వంక మాత్రమే. చంద్రుణ్ణి ఓడించానని బల్లా రాసుకున్నాడు గానీ, కాన్వాసు మీద అతడు చేసినది చంద్రుడి సాయం తీసుకోవడం.

ఐరోపాకు వెలుపల కూడా ఇలాంటిదే జరిగింది. 1882 నవంబరులో టోక్యోలోని గింజా వీధిలో మొదటి ఆర్క్ దీపం వెలిగినప్పుడు దాన్ని చూడడానికి జనం విరగబడ్డారు. మరుసటి ఏడాదే ఆ దృశ్యం రంగుల చెక్క అచ్చు బొమ్మగా అమ్మకానికి వచ్చింది. ఎత్తైన స్తంభం, దాని కింద కిమోనోలూ, పాశ్చాత్యపు టోపీలూ కలగలిసిన గుంపు. వార్తాపత్రిక చేయవలసిన పనిని ఆ బొమ్మ చేసింది, కళగా దాన్ని అంతకుమించి పొగడనక్కరలేదు.

సోనియా దెలొనే అనే చిత్రకారిణి మాత్రం ఈ వరుసలో నా వాదానికి ఎదురు నిలబడుతుంది. పారిస్‌లోని సేంట్ మిషెల్ వీధిలో గ్యాసు దీపాలు పోయి విద్యుద్దీపాలు వచ్చిన రోజుల్లో, ఆమె, ఆమె భర్త రోబేర్ రాత్రిళ్లు ఆ వీధివెంట నడుస్తూ దీపాల చుట్టూ ఏర్పడే వలయాలను గమనించేవారు. దాని ఫలితం 1914 నాటి విద్యుత్ పట్టకాలు అనే చిత్రం. ఇప్పుడు పారిస్‌లోని పొంపిదూ కేంద్రం సేకరణలో ఉంది. నలుచదరపు కాన్వాసు, ఒక్కో పక్క సుమారు రెండున్నర మీటర్లు. అందులో దీపం కూడా లేదు. ఒకదానిలోకొకటి చొచ్చుకుపోయే రంగు వలయాలు, వాటిని ముక్కలు చేసే సరళరేఖలు ఉన్నాయి. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం పెడితే రెండూ మరింత పదునెక్కుతాయని షెవ్రయల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకంగా రాశాడు; దెలొనే దంపతులు ఆ సూత్రాన్ని సిద్ధాంతంగా పట్టుకున్నారు. పాత వెలుగు ఏదీ ఇక్కడ సాక్షిగా లేదు కదా అని నేను చాలాకాలం ఈ చిత్రాన్ని మినహాయింపుగానే లెక్కపెట్టుకున్నాను. ఇప్పటికీ అంతే. కాకపోతే, ఇందులో ఎక్కడా రాత్రి లేదన్న సంగతి కూడా చెప్పాలి. చీకటి లేనిచోట దీపం ఎంత వెలిగినా అది ఉత్సవపు తోరణంలా కనిపిస్తుంది తప్ప, వీధిదీపంలా కనిపించదు. అందమైన చిత్రమే, నాకు మాత్రం బల్లా చిత్రం ముందున్నప్పుడు కలిగే కంటి మంట దీని ముందు కలగదు.

పదకొండేళ్ల తర్వాత, 1925లో, అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ న్యూయార్క్ వీధిని మొదటిసారి చిత్రించినప్పుడు చంద్రుడు మళ్లీ వచ్చాడు. రెండు వైపులా నల్లని కట్టడాల అంచుల మధ్య సన్నని ఆకాశం. కింద కాంతి వలయంతో ఒక వీధిదీపం, పైన మబ్బుల చాటున చంద్రుడు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. పోరాటం అయిపోయిన తర్వాతి తరం ఆమెది. అప్పటికి విద్యుద్దీపం వింత కాదు, దాన్ని పొగడవలసిన పని గానీ, ప్రతిఘటించవలసిన పని గానీ ఆమెకు లేదు.

1937కు వచ్చేసరికి విద్యుత్తు చరిత్రగా మారిపోయింది. ఆ ఏడు పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో వెలుగుకూ విద్యుత్తుకూ కేటాయించిన భవనానికి, పారిస్ విద్యుత్ సరఫరా సంస్థ రావుల్ డ్యూఫీ అనే చిత్రకారుడి చేత ఒక చిత్రం వేయించింది. ఎత్తు 10 మీటర్లు, పొడవు 60. రెండు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల 250 చెక్క పలకలమీద, సాయానికి తమ్ముణ్ణి పెట్టుకుని, ఏడాదిలోపే పూర్తిచేశాడు. రంగు పలుచగా, నీటిరంగుల్లా పారేందుకు మరోజే అనే రసాయనవేత్త తయారుచేసిన నూనెను వాడాడు. చిత్రాన్ని కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. కింది వరుసలో ప్రాచీన గ్రీకుల నుంచి ఎడిసన్ కాలం దాకా 110 మంది తత్త్వవేత్తలూ, శాస్త్రజ్ఞులూ పేర్లతో సహా నిలబడి ఉంటారు. మధ్యలో గ్రీకు పురాణాల్లోని ఒలింపస్ దేవతల కిందనే ఈవ్రి విద్యుత్ కేంద్రపు యంత్రాలు, వాటి మధ్య పిడుగు. ఎడమ చివర దేవత ఒకతె వాద్యబృందం మీదుగా, నగరాల మీదుగా ఎగిరిపోతుంది. ఒక కంపెనీ డబ్బిచ్చి వేయించిన ప్రచారచిత్రం ఇంత ఉల్లాసంగా ఉండడం నాకు కొంత అసూయ కలిగిస్తుంది. అయితే 600 చదరపు మీటర్ల ఆ చిత్రంలో వెలుగు ఎక్కడ నుంచి వస్తున్నదో చెప్పడం కష్టం. అంతా ఒకే రకంగా వెలుగుతూ ఉంటుంది. విద్యుత్తు అందరి ఇళ్లలోకీ వచ్చాక లోకం కనిపించే తీరు అదేనని డ్యూఫీ తరఫున వాదించవచ్చు.

అదే 1937లో ఇక్కడ, న్యూజెర్సీలో, ఎడిసన్ 1879లో తన బల్బును లోకానికి చూపించిన మెన్లో పార్కు స్థలంలో ఒక స్మారక గోపురం కట్టారు. నాలుగు మీటర్లకు మించిన గాజు బల్బు దాని శిఖరం. చుట్టూ ఉన్న ఊరికి 1954లో ఎడిసన్ అనే పేరే పెట్టారు. ఈనాడు ఆ ఊళ్లో, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. దోసెల హోటళ్లకూ, కిరాణా దుకాణాలకూ వచ్చేవారు ఆ గోపురానికి కొద్ది మైళ్ల దూరంలోనే తిరుగుతుంటారు. శిల్పంగా దానికి నేను ఎక్కువ మార్కులు వేయలేను. బల్బును బల్బుగానే పెద్దది చేసి పైన పెట్టడం, దీపానికి దీపమే ఉపమానమనడం. కానీ పక్కనున్న చిన్న మ్యూజియంలో ఆ కాలపు బల్బులను చూడవచ్చు, పిల్లలతో వెళ్లదగిన చోటు. బల్లా చిత్రాన్ని చూడాలనుకునేవారు న్యూయార్క్ బయలుదేరేముందు అది ఆ రోజు గోడమీద ఉందో లేదో ప్రదర్శనశాల వెబ్‌సైటులో సరిచూసుకోవడం మంచిది. డ్యూఫీ చిత్రానికి ఆ బెడద లేదు: 1964 నుంచి అది పారిస్ నగర ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఒక గది గోడలంతా ఆక్రమించి స్థిరంగా ఉంది, అక్కడి శాశ్వత సేకరణ చూడడానికి టికెట్టు కొననక్కర్లేదు.